రెండో గదిలో నిద్రపోయిన మనిషి

"అబద్ధం నోరు చెబుతుంది వదినగారూ, మెదడు చెప్పదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆ మాట తనే కనిపెట్టినట్టు మీసం కూడా సవరించుకున్నాడు. డిటెక్టివ్ చేతి గడియారం చూసుకుంది. అది పొద్దున కాఫీ దగ్గర తన చెల్లెలు అన్న మాట అయి ఉంటుందని ఆమెకు తెలుసు. చెల్లెలి మొగుడే పోటీదారు కావడంలో ఒక సుఖం ఉంది, అతని ఎత్తులన్నీ ఫోనులో ముందే తెలిసిపోతాయి. ఒక కష్టమూ ఉంది, అతన్ని ఓడిస్తే చెల్లెలు వారం రోజులు మాట్లాడదు.

ఇద్దరూ నిలబడింది మెదడు, నరాల పరిశోధన సంస్థలో, మనుషుల నిద్రను పరీక్షించే విభాగం వరండాలో. టైము మూడు దాటింది. అయిదింటికి ఇన్‌స్పెక్టర్ ఒక ఆడమనిషిని మొగుణ్ణి చంపిందన్న నేరం మీద మేజిస్ట్రేటు ముందు నిలబెట్టబోతున్నాడు. ఆ తరవాత ఆమెను బయటికి తేవడం ఎవరి తరమూ కాదు.

"కేసు మళ్ళీ ఒకసారి చెప్పండి, మరిదిగారూ. నెమ్మదిగా."

"ఎన్నిసార్లు చెప్పినా అదే కేసు. మంగళవారం అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందే, ఫర్నిచర్ షాపు యజమాని తన పడకగదిలో చనిపోయాడు. ముఖం మీద దిండు అదిమారు. తాళం బద్దలు కాలేదు. ఇంటి తాళంచెవి ఉన్నది ముగ్గురి దగ్గర. ఆయన, ఆయన భార్య, ఆయన తమ్ముడు. ఇంట్లో ఆ రాత్రి ఉన్నది భార్య, ముసలి తల్లి. తల్లి చెవి మిషను తీసి పడుకుంటే పిడుగు పడినా లేవదు. భార్య ఆ సాయంత్రం మొగుడితో పోట్లాడి వేరే గదిలో పడుకుంది. ఆ మాట ఆమే ఒప్పుకుంది. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారు, తెల్లారేసరికి మొగుడు లేడు."

"ఆ లెక్కన మా చెల్లెలు ఈపాటికి ఎన్నిసార్లు జైలుకెళ్ళాలో."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట వినిపించుకోలేదు. ఇరవయ్యేళ్ళ కాపురం ఆయనకు నేర్పిన విద్య అది.

"తమ్ముడి సంగతి?"

"అదిగో, ఆ తలుపు వెనక. మంగళవారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా తల మీదా ముఖం మీదా తీగలతో నిద్రపోయాడు. గురక మీద ఏదో పరిశోధనట, మూడు వారాల కిందటే పేరిచ్చాడు. తీగ ఒక్కటి ఊడినా మిషను గోల పెడుతుంది. ఎప్పుడు గాఢనిద్రలోకి వెళ్ళాడో, ఎప్పుడు కలగన్నాడో అంతా గీతల్లో ఉంది. నా సర్వీసులో ఇంత గట్టి సాక్షిని చూడలేదు."

"అంత గట్టి సాక్షిని మూడు వారాల ముందే ఏర్పాటు చేసుకున్న మనిషిని నేనూ చూడలేదు," అంది డిటెక్టివ్.

వరండా చివర బెంచీ మీద ఆమెను ఈ కేసులోకి దింపిన మనిషి కూర్చుని ఉంది. చనిపోయినవాడి తల్లి. ఒళ్ళో కోడలి కోసం తెచ్చిన భోజనం క్యారేజీ. నిన్న మధ్యాహ్నం ఆ పెద్దావిడ డిటెక్టివ్ ఇంటికి వచ్చి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా చెప్పింది. "నాకూ నా కోడలికీ పదేళ్ళుగా పడదమ్మాయ్. అది వండితే నాకు ఉప్పెక్కువ, నేను వండితే దానికి కారమెక్కువ. కానీ నా కొడుకును అది చంపలేదు. దానికి కోపమొస్తే అన్నం మానేస్తుంది. మూడు పూటలు తిననిది దిండు ఏం అదుముతుంది? చంపిందెవరో నువ్వు తేల్చు. ఎవరైనా సరే."

ఎవరైనా సరే అన్న మాటను డిటెక్టివ్ ఆవిడ చేత రెండోసారి కూడా చెప్పించుకుంది. ఇంకో కొడుకు ఉన్న తల్లి దగ్గర ఆ జాగ్రత్త అవసరమనిపించింది.

ఆ ఇంకో కొడుకు డాక్టరు గదిలోంచి బయటికి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, సంతకం పెట్టిన పెన్నును జేబులో పెట్టుకుంటున్న చేతిలో తొణుకూ బెణుకూ లేదు. పెద్దావిడ బెంచీ మీంచి లేచింది. అతనికి ఎడమవైపు రెండడుగుల దూరంలో ఉన్నదల్లా, అతని వెనకనుంచి చుట్టూ తిరిగి కుడివైపుకి వచ్చి, అప్పుడు నోరు విప్పింది.

"అయిందా?"

"అయిందమ్మా. ఆ రాత్రి రికార్డు కాగితం మీద సంతకమే. నువ్వు స్టేషన్‌కి బయలుదేరు, వదినకి అన్నం చల్లారిపోతుంది. కారు కింద ఉంది, డ్రైవర్ తీసుకెళ్తాడు. నేను ఇన్‌స్పెక్టర్ గారితో వస్తాను."

డిటెక్టివ్ పెద్దావిడ వెంట లిఫ్టు దాకా నడిచింది.

"మీరు ఇందాక ఆయన చుట్టూ ఎందుకు తిరిగారు?"

"నేనెక్కడ తిరిగాను?"

"ఎడమపక్క ఉన్నారు. కుడిపక్కకి వెళ్ళి మాట్లాడారు."

పెద్దావిడ ఒక్క క్షణం తనలో తాను వెతుక్కుంది. "అదా. అలవాటు. ఎడంపక్కనుంచి పలకరిస్తే ఉలిక్కిపడతాడు. ఆ కన్ను లేదుగా వాడికి."

"లేదా?"

"గాజుది. తొమ్మిదో ఏట అన్నదమ్ములిద్దరూ షాపు వెనకాల కొయ్యముక్కలతో కత్తియుద్ధం ఆడారు. పెద్దాడి కొయ్యకి మేకుంది. ఎవరికీ చెప్పుకోం. చేసినవాడు పనిమంతుడు, అసలుదానిలాగే కాస్త కదులుతుంది కూడా. నా కోడలికే కాపురానికొచ్చిన రెండేళ్ళకు గాని తెలియలేదు." లిఫ్టు వచ్చింది. "ఆ రోజు నుంచీ పెద్దాడు తమ్ముడు ఏదడిగినా కాదనలేదమ్మాయ్. షాపు అమ్మేద్దామన్న మాట ఒక్కటే కాదన్నాడు."

తలుపు మూసుకుంది. తాను ఏం చెప్పిందో ఆవిడకు తెలియదు. నిజానికి డిటెక్టివ్‌కు కూడా ఇంకా తెలియదు. గాజు కన్ను ఉన్నంత మాత్రాన మనిషి హంతకుడు కాడు, కళ్ళు రెండూ ఉన్నంత మాత్రాన ఇన్‌స్పెక్టర్‌కు అన్నీ కనిపించడమూ లేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి రాత్రి డ్యూటీ టెక్నీషియన్‌ను ఇంటి నుంచి పిలిపించి కంట్రోల్ రూంలో కూర్చోబెట్టారు. పగలు నిద్రపోయే మనిషి కావడంతో అతని కళ్ళు అర్ధరాత్రి లేపినట్టే ఉన్నాయి. ఎదురుగా తెరలు, పక్కన రెండో గది తలుపు. ఆ గదికి కిటికీ లేదు. లోపలున్నవాడు బయటపడాలంటే ఈ టెక్నీషియన్ మోకాళ్ళు తగలకుండా కుదరదు.

"ఆ రాత్రి మధ్యలో బయటికి వచ్చాడా?"

"రాలేదు మేడమ్. నేను కుర్చీలోంచి లేవలేదు."

"మనిషి ఎలా ఉంటాడు?"

"తల చుట్టుకొలత యాభై ఏడు సెంటీమీటర్లు. నుదురు బాగా జిడ్డు, స్పిరిట్‌తో రెండుసార్లు తుడవాల్సొచ్చింది."

"నేను ముఖం అడిగాను."

టెక్నీషియన్ ఆలోచించాడు. "మాస్కు పెట్టుకున్నాడు. జలుబు అన్నాడు. తీగలు అంటించేటప్పుడు కూడా కిందికి లాగి మళ్ళీ పెట్టేసుకున్నాడు. నేను టేపుతో తల కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు మీద తీగ అంటిస్తాను. గంట పని. ఆ గంటా నేను చూసేది నెత్తినే."

"గుర్తింపు కార్డు?"

"చూపించాడు. ఫొటో పన్నెండేళ్ళ కిందటిది. అలాంటి ఫొటోల్లో ఎవరైనా ఎవరిలాగైనా ఉంటారు."

"మాట్లాడాడా?"

"ఊఁ అన్నాడు. ఆఁ అన్నాడు."

ఇన్‌స్పెక్టర్ అడ్డొచ్చాడు. "ఇదంతా నేను అడగలేదనుకున్నారా? వీడియో ఉంది వదినగారూ. చీకట్లో కూడా చూసే కెమెరా. రాత్రంతా మంచం మీదే ఉన్నాడు."

"నేనూ చూశాను. గోడవైపు తిరిగిన ఒక దుప్పటి, దాని చివర గాజుగుడ్డ కట్టు. ఆ దుప్పటి మంచం దిగలేదని కోర్టులో నేనే చెబుతాను."

"అయితే ఏమంటారు? వేరేవాడు పడుకున్నాడంటారా? రుజువు?"

"లేదు."

"ఇప్పుడు టైమెంతయిందో తెలుసా?"

"తెలుసు. అందుకే త్వరగా ఆ తీగలు నాకు పెట్టమనండి."

టెక్నీషియన్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "పెట్టవయ్యా. లోపల ఏమైనా ఉందో లేదో ఇవాళ తేలిపోతుంది."

"ఉంటే మీ కేసు పోతుంది," అంటూ ఆమె రెండో గదిలోకి నడిచింది.

గదిలో ఒక మంచం, తలవైపు గోడకు తీగలు గుచ్చే చిన్న పెట్టె, మూలన కెమెరా, పైన స్పీకరు. అంతే. డిటెక్టివ్ పక్క దులిపి పడుకుంది. గంట పనిని పావుగంటలో చేయమంటే టెక్నీషియన్ ముఖం మాడ్చుకుని, నెత్తి వెనక రెండు, కణతల మీద రెండు, కళ్ళ బయటి చివరల పక్కన ఒక్కొక్కటి, గడ్డం కింద ఒకటి అంటించి, ఊడకుండా గాజుగుడ్డ చుట్టాడు. తలుపు మూసుకుంది. కాసేపటికి స్పీకరు గొంతు సవరించుకుంది.

"కళ్ళు మూసుకోండి మేడమ్. ఊఁ. తెరవండి. ఇప్పుడు తల కదపకుండా కుడివైపు చూడండి. ఎడమవైపు. మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ. రెప్పలు కొట్టండి. పళ్ళు బిగించండి."

"ఈ డ్రిల్లు అందరికీ ఉంటుందా?" అని అడిగింది ఆమె, పైకప్పుతో మాట్లాడుతున్నట్టు.

"అందరికీ. ఏ తీగ పనిచేస్తోందో, ఏది చేయడం లేదో తెలియాలిగా. రికార్డింగ్ మొదట్లోనే చేయిస్తాం."

ఆమె తీగలను పెట్టెలోంచి పీకించుకుని, తలకట్టుతోనే బయటికి వచ్చింది. విభాగం పెద్ద డాక్టరమ్మ అప్పటికే తెర ముందు నిలబడి ఉంది. తన ల్యాబులో పోలీసులు కూర్చోవడం ఆవిడకు ఇష్టం లేదు. డిటెక్టివ్ పడుకోవడం అంతకన్నా ఇష్టం లేదు.

"మీ సరదా తీరిందా?"

"ఇంకా లేదు డాక్టరమ్మా. ఇవి ఏమిటి?"

"ఇది మీ తల వెనకభాగం. చూపు పని అక్కడ జరుగుతుంది. మీరు కళ్ళు మూసుకోగానే చూడండి, అలలు ఎంత తీరుగా లేచాయో. చూడటానికి ఏమీ లేకపోతే అక్కడి కణాలన్నీ ఒకే తాళానికి ఊగుతాయి. కళ్ళు తెరవగానే ఎవరి పని వాళ్ళకొచ్చి తాళం చెదిరింది."

"పై ఆఫీసరు రాగానే మా స్టేషన్ లాగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎవరూ నవ్వలేదు.

"ఈ రెండు గీతలు? ఒకటి కొండెక్కితే రెండోది లోయలోకి దిగుతోంది."

"అవి మెదడువి కావు, కళ్ళవి. కన్ను ఒక చిన్న బ్యాటరీ. ముందువైపు ప్లస్, వెనకవైపు మైనస్. కన్ను తిరిగితే బ్యాటరీ తిరిగినట్టే, పక్కనున్న తీగ దాన్ని పసిగడుతుంది. మీరు కుడికి చూస్తే కుడి కన్ను తన తీగకు దగ్గరవుతుంది, ఎడమ కన్ను తన తీగకు దూరమవుతుంది. అందుకే ఒకటి పైకి, ఒకటి కిందికి. కలలొచ్చే నిద్రలో రెప్పల కింద కళ్ళు పరుగెడతాయి. అది మాకు చెప్పేది ఈ రెండు గీతలే."

డిటెక్టివ్ తెరకు ఇంకా దగ్గరగా వంగింది. తలకట్టులోంచి ఒక తీగ జారి ముక్కు మీద వేలాడింది. ఆమె దాన్ని తోసుకోలేదు.

"ఒక కన్ను గాజుదైతే?"

"గాజుకి బ్యాటరీ ఎక్కడిది? ఆ వైపు గీత లేవదు. పక్కింటి టీవీ చప్పుడు గోడలోంచి వచ్చినట్టు, రెండో కంటి అలజడి కొంచెం సోకుతుంది, అంతే. కొత్తగా చేరిన టెక్నీషియన్లకి మేం మొదట చెప్పే పాఠమే అది. గీత లేవకపోతే తీగను తిట్టకు, ముందు మనిషిని అడుగు అని." డాక్టరమ్మ ఆగింది. "ఎందుకు అడుగుతున్నారు?"

"మంగళవారం రాత్రి రికార్డింగ్ మొదటి నిమిషాలు ఒకసారి చూపించండి."

టెక్నీషియన్ మీటలు నొక్కాడు. తెర మీద మంగళవారం రాత్రి మొదలైంది. కుడివైపు చూడండి అన్న చోట ఒక గీత కొండెక్కింది, రెండోది లోయలోకి దిగింది. ఎడమవైపు అన్న చోట రెండూ తారుమారయ్యాయి. ఎత్తులో రవ్వంత తేడా లేదు.

"బాగానే ఉన్నాయిగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అదే బాగాలేదు, మరిదిగారూ. లోపలికి పిలవండి ఆయన్ని."

చిన్నకొడుకు వచ్చి, చూపించిన కుర్చీలో కూర్చుని, డిటెక్టివ్ తలకట్టును చూసి మర్యాదగా నవ్వు ఆపుకున్నాడు. ఆమె డాక్టరమ్మ జేబులోని చిన్న టార్చి అడిగి తీసుకుంది.

"పైకి చూడకండి. నా వైపే చూడండి."

కుడి కంటిలో వెలుగు పడగానే నల్లపాప చటుక్కున ముడుచుకుంది. ఎడమ కంటిలో పడిన వెలుగు గోడ మీద పడినట్టే పడి ఊరుకుంది. ఇన్‌స్పెక్టర్ టార్చి లాక్కుని తానూ ఒకసారి వేసి చూశాడు. మొదట కుడి కన్ను, తరవాత ఎడమ కన్ను, మళ్ళీ ఎడమ కన్ను.

"ఎన్నిసార్లు వేసినా అది ముడుచుకోదు సార్," అన్నాడు చిన్నకొడుకు. "చిన్నప్పుడు పోయింది. కన్ను లేకపోవడం నేరమా?"

"కాదు. లేని కన్ను మంగళవారం రాత్రి ఈ తెర మీద కుడికీ ఎడమకీ తిరిగింది. అది నేరం," అంది డిటెక్టివ్.

డాక్టరమ్మ రెండు వాక్యాల్లో సంగతి చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. చేతిలో ఎప్పటిలాగే తొణుకు లేదు.

"అయితే ఆ రికార్డు నాది కాదన్నమాట. సరే. ఆ రాత్రి పక్క గదుల్లో ఇంకెవరో పడుకున్నారు. మీవాళ్ళు ఒకరి రికార్డుకి ఇంకొకరి పేరు పెట్టారు. నేను ఇక్కడే పడుకున్నాను. నాది ఎక్కడ పారేశారో మీరే వెతకండి."

"నా ల్యాబులో అలా జరగదు," అంది డాక్టరమ్మ.

"జరగదని ప్రమాణం చేస్తారా? కోర్టులో?"

డాక్టరమ్మ టెక్నీషియన్ వైపు చూసింది. ఇన్‌స్పెక్టర్ ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. "అదీ పాయింటే వదినగారూ. తారుమారు జరిగిందేమో. అనుమానంతో నేను ఒకరిని వదిలి ఇంకొకరిని పట్టుకోలేను. ఆవిణ్ణి అయిదింటికి హాజరు పరచాల్సిందే."

"అనుమానంతోనేగా ఆవిణ్ణి పట్టుకున్నారు."

"అది వేరే అనుమానం."

ఆయన టోపీ తీసుకున్నాడు. చిన్నకొడుకు తన బదులు వేరే మనిషిని పడుకోబెట్టాడని డిటెక్టివ్‌కు తెలుసు. మారిన మనిషెవరో తెలియనంత వరకూ, ల్యాబు తప్పన్న ఈ ఒక్క మాట అతన్ని కాపాడుతుంది. గోడ మీద గడియారం నాలుగు దాటింది.

డాక్టరమ్మ మాత్రం కదల్లేదు. తెర మీద అవే గీతలను చూస్తూ నిలబడిపోయింది.

"ఒక్క నిమిషం," అంది, చిన్నకొడుకుతో. "ఇది మీది కాకపోతే, గురువారం నేను మీకు ఫోన్ చేసి చెప్పినది..."

"ఏం చెప్పారు?" అంది డిటెక్టివ్.

"అది రోగికీ నాకూ మధ్య విషయం."

"ఆయన ఆ రోగి కాడని ఇప్పుడే ఒప్పుకున్నాడు."

డాక్టరమ్మ రికార్డును ముందుకు నడిపించింది. ఎడమ కణత గీతలో, నెమ్మదిగా పోతున్న అలల మధ్య ముల్లులాంటిది ఒకటి లేచింది. కాసేపటికి ఇంకొకటి. ఆ తరవాత గుత్తులు గుత్తులుగా.

"మెదడు కణాలు ఒకదానితో ఒకటి గుసగుసగా మాట్లాడుకుంటాయి, చిన్న చిన్న కరెంటు దెబ్బలతో. ఒక మూలనున్న గుంపంతా ఒకేసారి అరిస్తే అది మూర్ఛ. ఈ మనిషికి నిద్రలో ఆ మూల రాత్రంతా సణుగుతూనే ఉంది. ఇది కిందపడి కొట్టుకునే మూర్ఛ కాదు, అందుకే చాలామందికి తమకు ఉందనే తెలియదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటాడు. కళ్ళు తెరిచే ఉంటాయి. ఊరికే నోరు చప్పరిస్తాడు, చేత్తో ఏదో తడుముతాడు. ఆ ఒకటి రెండు నిమిషాలూ లోపల మనిషి ఉండడు. తరవాత అతనికి గుర్తుండదు కూడా. నిద్ర తక్కువైతే మరీ వస్తాయి." ఆవిడ గొంతు తగ్గింది. "వెంటనే వచ్చి చూపించుకోమన్నాను. అంతదాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నాను."

"ఆయన ఏమన్నారు?"

"నవ్వారు. పరవాలేదు డాక్టర్, నాకు డ్రైవర్ ఉన్నాడు అన్నారు."

డిటెక్టివ్ చేతిలోకి ఫోన్ ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు. పెద్దావిడ నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల మోగుతోంది. ఆమె చూపు మాత్రం కుర్చీలో ఉన్న మనిషిని వదల్లేదు.

"ఫైళ్ళు తారుమారైతే అది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి మెదడు. అతన్ని రేపు తీరిగ్గా వెతుక్కోవచ్చు. అలా కాక, మీ కార్డు పట్టుకుని, మాస్కు పెట్టుకుని, ఎందుకని అడక్కుండా మీ బదులు ఆ మంచం మీద పడుకున్నవాడైతే, వాడు మీ మాట జవదాటని మనిషి అయి ఉండాలి. అలాంటివాళ్ళు మీకు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. ఒకడు మాత్రం ఇప్పుడు మీ అమ్మగారిని కార్లో తీసుకెళ్తున్నాడు. చెప్పండి. మంగళవారం నుంచి వాడు కంటినిండా నిద్రపోయాడా?"

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆమె మళ్ళీ నొక్కింది.

చిన్నకొడుకు కణత మీద చెమట బొట్టు ఒకటి పుట్టింది. చేతులు రెండూ మోకాళ్ళను పట్టుకున్నాయి.

"వదినగారూ, ఇదంతా ఊహ," అని మొదలుపెట్టాడు ఇన్‌స్పెక్టర్. ఆమె అరచెయ్యి ఎత్తింది. ఆయన ఆగాడు. చెల్లెలు చెయ్యి ఎత్తినా ఆగేవాడు.

రెండోసారి కూడా మోగి ఆగిపోయింది.

"అమ్మ ఫోన్ సంచిలో పెడుతుంది," అన్నాడు చిన్నకొడుకు. ఆ గొంతు తొమ్మిదేళ్ళ పిల్లాడిది. "వినపడదు ఆవిడకి. డ్రైవర్ ఫోన్‌కి చెయ్యాలి. కారు స్పీకర్లో మోగుతుంది."

"చెయ్యండి."

అతను కదల్లేదు. ఆ నంబరు నొక్కడమంటే ఏమిటో గదిలో అందరికన్నా అతనికే బాగా తెలుసు. ఒక్క కంటితో గడియారం వైపు చూశాడు. తరవాత జేబులోంచి ఫోన్ లాగి, రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి సరిగ్గా నొక్కాడు. డిటెక్టివ్ దాన్ని అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టించింది.

చాలాసేపు మోగింది. అవతల ఎవరో ఎత్తారు. హారన్ల మోత.

"ఒరేయ్, కారు పక్కకి తీసి ఆపు," అన్నాడు అతను. "ఇప్పుడే ఆపు. ఏమీ అడక్కు, ముందు ఆపు."

"నేనురా," అంది పెద్దావిడ గొంతు. "కారు తెర మీద నీ బొమ్మ కనబడింది, వీడు ఎత్తకపోతే ముందుకి వంగి నేనే నొక్కాను. వీడికేమైందిరా? నాలుగుసార్లు పిలిచాను, పలకడు. నోట్లో ఏమీ లేకుండానే చప్పరిస్తున్నాడు. ఎర్రలైటు కూడా దాటించేశాడు."

"అమ్మా." అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

డిటెక్టివ్ బల్ల మీదికి వంగింది. "పెద్దమ్మగారూ, నేను. మీరు వెనక సీట్లో ఉన్నారా?"

"వెనకే. అమ్మాయ్, ముందు లారీ ఒకటి ఆగుంది."

"ముందు సీట్లు రెండిటికీ మధ్య చెయ్యి పెట్టండి. కిందుగా పిడి ఒకటి తగులుతుంది, చివర బటన్ ఉంటుంది."

"ఏదీ... తగిలింది."

"బటన్ నొక్కి పట్టుకుని పైకి లాగండి. ఒక్కసారిగా కాదు. లాగుతూనే ఉండండి, వదలకండి. మీ కాళ్ళు ముందు సీటుకి తన్నిపెట్టండి."

టైర్లు అరిచాయి. హారన్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏదో దబ్బున పడిన చప్పుడు. తరవాత ఏమీ లేదు. డాక్టరమ్మ తన నోరు తానే మూసుకుంది. ఇన్‌స్పెక్టర్ ఫోన్ వైపు చూస్తూనే వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. తన ఫోన్ తీసి స్టేషన్‌కి మాట్లాడాడు, చాలా చిన్నగా. "ఆవిణ్ణి కోర్టుకు తీసుకెళ్ళొద్దు. అవును, నేనే చెబుతున్నాను. కుర్చీ వెయ్యండి, మంచినీళ్ళు ఇవ్వండి."

చిన్నకొడుకు ఆ మాటలు వినలేదు. బల్ల మీది ఫోన్ మీదికి వంగి ఉన్నాడు. "అమ్మా. అమ్మా."

"ఉన్నాను," అంది గొంతు, ఆయాసపడుతూ. "సీటు కిందికి జారాను, అంతే. ఆగింది. లారీకీ మాకూ మధ్య జానెడు కూడా లేదు."

"దెబ్బ తగిలిందా?"

"మోచెయ్యి గీసుకుంది. వీడు ఇప్పుడు తేరుకున్నాడు. ఎక్కడున్నామండీ అని నన్నడుగుతున్నాడు. లారీని చూసి వణుకుతున్నాడు పాపం. ఇలా ఎప్పటినుంచిరా అంటే, ఎలాగండీ అంటున్నాడు. వాడికే తెలియదు." ఆవిడ ఊపిరి పీల్చుకుంది. కారు బయట ఎవరో అద్దం మీద కొడుతున్నారు. ఆవిడ వాళ్ళను పట్టించుకోలేదు.

"చిన్నోడా. వాడికే తెలియనిది, ఇంత దూరం నుంచి కారు ఆపమని చెప్పడానికి, నీకెలా తెలిసిందిరా?"